దిగుడు బావిని పూడ్చాలా, బాగుచేయాలా?

ప్రశ్న (కామారెడ్డి జిల్లా నుంచి)

మా ఊళ్లో ఒక పాత దిగుడు బావి ఉంది. రాతి మెట్లు, ఒడ్డున మోట తాళ్ల ఒరిపిడికి అరిగిన బండలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు గానీ, చాలా ఏళ్లుగా ఊరి చెత్తంతా అందులోనే పడుతోంది. దాన్ని పూడ్చి దుకాణాలు కడితే పంచాయతీకి అద్దెలు వస్తాయని కొందరు పట్టుబడుతున్నారు. బాగుచేయిద్దామని నేను గ్రామసభలో అన్నప్పుడు, "రాళ్లకు డబ్బు పోస్తే మనకేం ఒరుగుతుంది?" అని ఒక పెద్దాయన అడిగారు. చరిత్ర, సంస్కృతి అనే మాటలతో ఆయనను ఒప్పించలేను. కాపాడుకున్న చోట చుట్టుపక్కల వారికి నిజంగా ఏం దక్కిందో తెలిసినవారు చెప్పగలరా?

సికింద్రాబాద్ వాసి

మా బన్సీలాల్‌పేట మెట్ల బావి పరిస్థితి మీ బావి కంటే అధ్వానంగా ఉండేది. దశాబ్దాలపాటు చెత్తతో నిండిపోయి, అక్కడ బావి ఉందన్న సంగతే కొత్త తరానికి తెలియని స్థితిలో, 2021లో పూడిక తీయడం మొదలుపెట్టి దాదాపు 2,000 టన్నుల చెత్తాచెదారం బయటికి తోడారు. అడుగుకు చేరేసరికి ఊట తనంతట తానే వచ్చింది. 2022 డిసెంబరు 5న ప్రారంభమైన ఆ బావిలో సుమారు 22 లక్షల లీటర్ల నీరు నిలుస్తుంది. ముక్కు మూసుకుని దాటిపోయిన సందులోకి ఇప్పుడు బంధువులను వెంటబెట్టుకుని వెళ్తున్నాం. మీ పెద్దాయనకు మాత్రం నీటి లెక్కే చెప్పండి: వాన నీటిని భూమిలోకి ఇంకించే గొయ్యిని మీ పూర్వులు ఎప్పుడో తవ్వి పెట్టారు, ఇప్పుడు కావలసింది పూడికతీత ఖర్చు మాత్రమే.

సున్నపు పని చేయించే ఇంజనీరు

నీటితోపాటు కూలి లెక్క కూడా చెప్పాలి. కొత్త కట్టడంలో ఖర్చులో పెద్ద భాగం సిమెంటుకూ ఇనుముకూ పోతే, పాత కట్టడం మరమ్మతులో ఎక్కువ భాగం మనుషుల చేతికి, అంటే రాయి చెక్కేవారికి, గానుగ సున్నం నూరేవారికి, తాపీ మేస్త్రీలకు చేరుతుంది. గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంలో 2013లో మొదలైన పనుల్లో, వెనుకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటును గీకి తీసేసి మళ్లీ సున్నం వేశారు. సిమెంటు చెమ్మను లోపలే బంధించి రాతిని తినేస్తుంది, కాబట్టి మీ బావికి ఎవరైనా "గట్టిగా" సిమెంటు పూస్తామంటే దయచేసి ఒప్పుకోకండి. వానలకు ఒక పక్క కూలిన అక్కడి బడీ బావ్లీ అనే పెద్ద మెట్ల బావిని తిరిగి కట్టాక, దాని నీరు తోటలకు అందుతోంది. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం వచ్చింది. అదే ఏడాది మీ జిల్లాలోని దోమకొండ కోటకూ ఒకటి దక్కింది. గ్రామసభ సభ్యులను ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి, నా ఉపన్యాసం కంటే అది మేలు.

వరంగల్ నుంచి ఒక న్యాయవాది

పై ఇద్దరి ఉత్సాహాన్నీ కాస్త తగ్గించక తప్పదు. ప్రారంభోత్సవం రోజున అందరూ వస్తారు. మరుసటి ఏడాది మెట్ల మీద నాచు గీకేదెవరు, పిల్లలు పడకుండా కంచె చూసేదెవరు, దోమలకు బాధ్యులెవరు అన్నది ముందే పంచాయతీ తీర్మానంలో రాసుకోకపోతే పెట్టిన ఖర్చంతా నీళ్లపాలే. రెండో విషయం, ఏదైనా రక్షణ జాబితాలో చేర్పించే ప్రయత్నం చేయండి. హైదరాబాదులో ఇర్రం మంజిల్ అనే పాత రాజభవనాన్ని కూల్చి శాసనసభ భవనం కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసిందంటే, వారసత్వ కట్టడాలకు సంబంధించిన నిబంధనలే అందుకు ఆధారమయ్యాయి. దుకాణాల అద్దె మాటకు జవాబు సులభం: పూడ్చిన బావి మీద నేల ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, గోడలు పగిలాక అద్దెకు వచ్చేదెవరు?

ప్రశ్న అడిగినవారు

నేల కుంగే సంగతి నాకు తట్టనేలేదు, పెద్దాయన సొంతంగా ఇళ్లు కట్టించినవారు కాబట్టి ఆ మాట వింటారు. ముందుగా చెత్త వేయడం ఆపించి, బావి కొలతలు తీయించి, దోమకొండకు ఒక జీపు మాట్లాడుతాను. సున్నం పని తెలిసిన మేస్త్రీలు మా వైపు ఎవరైనా ఉంటే ఇంజనీరు గారు తెలియజేయగలరు.