అప్‌డేట్: నాది కాని కథను వేదిక మీదే వదిలేశాను

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు కార్యాలయాలు గుడారాల్లో నడిచిన సంగతిపై ఉపన్యసిస్తూ, వేరొక వక్త తాతగారి అనుభవాన్ని మా తాతదిగా చెప్పి చప్పట్లు పొందుతున్నానని, ఇకపై ఏం చేయాలని గత నెల మిమ్మల్ని అడిగాను. ఒప్పుకోమని ఎక్కువమంది చెప్పారు.

మొన్న ఆదివారం కొండారెడ్డి బురుజు దగ్గరి ఒక హాలులో, సుమారు 60 మంది ముందు, ఆ కథ నాది కాదని, ఎవరి నోట విన్నానో పేరుతో సహా చెప్పాను. నోరు ఎండిపోయింది, చేతిలోని కాగితం వణకడం ముందు వరుసవారికి కనిపించే ఉంటుంది. మా తాత నిజానికి పత్తికొండ దగ్గర వేరుశనగ పండించినవాడు. రాజధాని వచ్చినా, 1956లో అది హైదరాబాదుకు తరలిపోయినా, ఆయన ధ్యాసంతా వాన మీదనే. ఈ భాగాన్ని మా ఇంటి యాసలోనే చెప్పాను, ఎందుకంటే పుస్తక భాషలో అది ఆయన మాటలా వినిపించదు. చప్పట్లు తక్కువే పడ్డాయి.

సభ ముగిశాక ఒక పెద్దాయన నా చేయి పట్టుకొని, "మా నాయనా సేద్యగాడే నాయనా, ఆ గుడారాలు ఆయన సూడనే లేదు" అన్నారు. ఆ మాటను మరో సభలో చెప్పవచ్చా అని అడిగి, ఆయన సరేనన్న తరువాతే రాసుకున్నాను. ఆ గుడారాల కథ అసలు చెప్పిన వక్తకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పడం ఇంకా మిగిలి ఉంది. రేపు ఉదయం చేస్తాను.