ఇన్ని నక్షత్రాలున్నాయి కాబట్టి ఎక్కడో జీవం ఉండి తీరాల్సిందేనా?

వెన్నెల:
మూడు రోజులుగా మా అన్నయ్యకీ నాకూ ఇదే వాదన. మన పాలపుంతలోనే కనీసం 10 వేల కోట్ల నక్షత్రాలున్నాయి, 1995లో సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ మొదటి గ్రహం దొరికింది మొదలు ఇప్పటికి బయటి గ్రహాలు 6 వేలు దాటాయి, ఇన్ని ఉంటే ఎక్కడో ఒకచోట జీవం ఉండి తీరాల్సిందే అంటాడు. వినడానికి బాగానే ఉంది కానీ నాకెక్కడో తేడా కొడుతోంది. ఒక గ్రహం మీద జీవం పుట్టే అవకాశం ఎంతో తెలియనప్పుడు "తీరాల్సిందే" అని ఎలా అంటాం? అది లక్షలో ఒకటి కావచ్చు, కోటి కోట్ల కోట్లలో ఒకటీ కావచ్చు. నేనేమైనా పొరబడుతున్నానా?

తోకచుక్క:
పొరబడట్లేదండీ. పాలపుంతలో రేడియో సంకేతాలు పంపగల నాగరికతలు ఎన్ని ఉండొచ్చో అంచనా కట్టడానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ 1961లో రాసిన సమీకరణంలో ఇబ్బంది సరిగ్గా ఇక్కడే. నక్షత్రాలెన్ని పుడతాయి, ఎన్నింటికి గ్రహాలుంటాయి అన్న మొదటి అంకెలు ఇప్పుడు మన చేతిలో ఉన్నాయి, జీవం మొదలయ్యే అవకాశం దగ్గరికొచ్చేసరికి ఆ గడి ఖాళీ. అయినా నేను మీ అన్నయ్య వైపే మొగ్గుతాను. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. ఆస్ట్రేలియాలోని పిల్బరా రాళ్లలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్లు సుమారు 348 కోట్ల ఏళ్ల నాటివి. అంటే మొదటి పావు వంతు కాలంలోనే జీవం కుదురుకుంది. పైగా బెన్నూ గ్రహశకలం నుంచి 2023లో తెచ్చిన మట్టిలో, మన ప్రొటీన్లలో ఉండే 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల్లోని ఐదు నత్రజని క్షారాలూ దొరికాయి. ముడిసరుకు మనకొక్కళ్లకే దక్కింది కాదు.

నీటిబొట్టు:
తోకచుక్క గారూ, తొందరగా మొదలైందన్న వాదన మీద నాకు అనుమానం ఉంది. ఇంకో 100 కోట్ల ఏళ్లకు అటూఇటూగా సూర్యుడి వేడి పెరిగి సముద్రాలు ఆవిరైపోతాయని అంచనా. ఆలస్యంగా మొదలైన గ్రహం మీద ఈ ప్రశ్న అడిగేవాళ్లు పుట్టడానికి టైమే మిగలదు, కాబట్టి అడుగుతున్న మనకి ఎలాగూ తొందరగా మొదలైనట్టే కనిపిస్తుంది.

ఇంకో మాట. కుంట నీళ్లు ఒక చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి. పారమీసియం చెప్పు అడుగు ఆకారంలో, ఒంటి నిండా నూగుతో గిరగిరా తిరుగుతూ ఈదుతుంది, దాని పక్కన బ్యాక్టీరియా పిసరంత చుక్కల్లా ఉంటాయి. ఈ చుక్కల నుంచి ఆ పారమీసియం లాంటి కణం దాకా రావడానికి భూమికి 150 కోట్ల ఏళ్లకు పైగా పట్టింది. ఒక కణం ఇంకో కణాన్ని లోపల పెట్టుకుని అది మైటోకాండ్రియాగా, అంటే కణానికి శక్తినిచ్చే భాగంగా మారడం, మనకు తెలిసినంతలో ఒక్కసారే జరిగింది. చెట్లు, పురుగులు, మనుషులు, అందరం ఆ ఒక్క సంఘటన సంతానమే. అందుకే సూక్ష్మజీవులు చాలాచోట్ల ఉండొచ్చు, రేడియోలో పలకరించేవాళ్లు మాత్రం బాగా అరుదు అని నా నమ్మకం.

వెన్నెల:
అయితే మన సౌరకుటుంబంలోనే ఇంకోచోట ఒక బ్యాక్టీరియా దొరికితే చాలా? అన్నయ్య గెలిచినట్టేనా?

తోకచుక్క:
ఎక్కడ దొరికిందన్న దాన్ని బట్టి. అంగారకుడి మీదైతే ఆగాలి, అక్కడి నుంచి ఎగిరిపడ్డ రాళ్లు మనకు ఉల్కలుగా దొరికాయి, అలాంటి రాయి మీద జీవం ప్రయాణం చేసి ఉంటే అది మన చుట్టమే కావచ్చు. నా ఆశంతా శని ఉపగ్రహం ఎన్సెలడస్ మీద. 500 కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న ఆ మంచుముద్ద దక్షిణ ధ్రువం పగుళ్లలోంచి లోపలి సముద్రం నీళ్లు అంతరిక్షంలోకి చిమ్ముతుంటే, కసీని నౌక ఆ జల్లుల్లోంచే దూసుకెళ్లింది. ఉప్పు, హైడ్రోజన్, ఫాస్ఫేట్లు ఉన్నట్టు దాని కొలతల్లో తేలింది. అంత దూరాన, మనతో సంబంధం లేకుండా పుట్టిన ఒక్క కణం దొరికినా, మీరు అడిగిన ఆ అవకాశం కోటి కోట్ల కోట్లలో ఒకటి కాదని తేలిపోతుంది.