100 మీటర్లు 11.5 సెకన్ల లోపు పరిగెత్తాలంటే ఏం మార్చాలి?

ప్రశ్న: స్టాప్‌వాచ్‌తో 11.3 వస్తోంది, మీట్‌లో (పోటీలో) ఎలక్ట్రానిక్ టైమింగ్‌లో 11.62. 60 మీటర్లు దాటాక భుజాలు బిగుసుకుపోతున్నాయి. నెలన్నరలో ఇంకో మీట్ ఉంది.

జవాబు 1: తమ్ముడూ, ముందు లెక్క చూసుకో. ఎలక్ట్రానిక్‌తో పోల్చాలంటే చేతి టైమింగ్‌కి 0.24 కలపాలి. నీ 11.3 అంటే 11.54, తేడా 0.08 మాత్రమే. గాలి రీడింగ్ కూడా అడుగు. 2022లో కోజికోడ్‌లో మన విశాఖ జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ 13.09లో ముగించినా, వెనుక గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉండటంతో అది జాతీయ రికార్డు కాలేదు. పరిమితి 2.0.

జవాబు 2: వేగం పడిపోతుంటే బలవంతంగా లాగుతున్నారు, అందుకే ఆ బిగుతు. ఫ్లయింగ్ 30 చెయ్యండి. 25 మీటర్లు వేగం పెంచుకుంటూ వచ్చి, తర్వాతి 30 పూర్తి వేగంతో. నాలుగుసార్లు చాలు, ప్రతిదాని మధ్యా 6 నిమిషాల విశ్రాంతి. రెండు నిమిషాలకే మళ్లీ మొదలుపెడితే అది ఓర్పు సాధన అయిపోతుంది, వేగం పెరగదు. దవడ వదులుగా ఉండాలి, పిడికిలి బిగించొద్దు. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం 48 గంటలు. వేగం తగ్గిపోతే ఆ రోజుకి ఆపేయండి, తొడ వెనక కండరం పట్టేసేది అక్కడే.

జవాబు 3: స్టార్టింగ్ బ్లాకులూ (పరుగు మొదట్లో కాళ్లు ఆనించి తన్నేవి) చూసుకో బ్రో. స్టార్ట్ గీత నుంచి ముందు పెడల్ (పాదం ఆనించే పలక) రెండు పాదాల దూరం, వెనకది మూడు. 'సెట్' అన్నప్పుడు ముందు మోకాలు దాదాపు 90 డిగ్రీలు, వెనకది 120-130, నడుము భుజాల కన్నా కాస్త పైన. తల వెంటనే ఎత్తావో, కాళ్లతో తోసే బలం ముందుకి కాక పైకి పోతుంది.

జవాబు 2: మీట్ వారంలో సాధన సగానికి తగ్గించండి. వేగం మాత్రం తగ్గించొద్దు.