ట్రేకి రెండు మూడు జంట సొనల గుడ్లు వస్తున్నాయి, జబ్బేమో?

కావలి దగ్గర 60 క్రాస్ పెట్టలున్నాయి. వయసు 22 వారాలు, గుడ్లు మొదలై రెండు వారాలైంది. 30 గుడ్ల ట్రేలో రెండు మూడు మరీ పెద్దవి, పగలగొడితే రెండు పచ్చసొనలు. లేయర్ దాణా వేస్తున్నాం, రాత్రి 11 దాకా లైటు ఉంటుంది. జబ్బా? వీటిని పొదగేస్తే కవల పిల్లలొస్తాయా?

జవాబు 1:
జబ్బు కాదన్నా, లేత పెట్టల్లో మామూలే. ఒక సొన జారాక ఇంకోటి జారేదానికి దాదాపు ఒక రోజు పట్టాలి. కొత్తగా గుడ్డుకొచ్చిన పెట్టకు ఆ లెక్క ఇంకా కుదరక, రెండూ దగ్గర దగ్గరగా జారి ఒకే తెల్లసొనలో, ఒకే పెంకులో చిక్కుకుంటాయి. కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి.

లైటే ఎక్కువైంది మీకు. పొద్దున 6 నుంచి రాత్రి 11 అంటే 17 గంటలు. పగలూ లైటూ కలిపి 16 దాటనీయొద్దు. అలాగని ఒక్కసారిగా ఆపేస్తే గుడ్లు పడిపోతాయి, రోజుకు పది నిమిషాలు తగ్గించుకుంటూ రండి.

అసలు భయపడాల్సింది పెట్ట గురించి. పెద్ద గుడ్డు పెట్టేటప్పుడు వెనక భాగం బయటికి జారితే, ఆ ఎరుపు చూసి మిగతా కోళ్లు పొడిచి చంపేస్తాయి. అలాంటిది కనబడగానే విడిగా పెట్టండి. కొవ్వు పట్టిన పెట్టల్లో ఈ గొడవ ఎక్కువ.

జవాబు 2:
పొదగేయొద్దు. పిండాలు రెండూ పెరిగినా లోపల చోటూ గాలీ చాలవు, 21 రోజుల చివర్లో చచ్చిపోతాయి. పిల్లలు బయటపడేది చాలా అరుదు. చీకట్లో టార్చి మీద గుడ్డు పెట్టి తిప్పితే రెండు నీడలు కనిపిస్తాయి, వాటిని వంటకు తీసేయండి.

జవాబు 3 (ఒంగోలు):
నిక్షేపంగా తినొచ్చు. కేకుకు మాత్రం లెక్క మారుతుంది. 55 గ్రాముల మామూలు గుడ్డులో పచ్చసొన 16 గ్రాములు, తెల్లసొన 32 దాకా ఉంటుంది. జంట గుడ్డులో పచ్చసొన వాటా ఎక్కువ, కాబట్టి గుడ్లు లెక్కపెట్టకుండా తూకం వేసుకోండి. తెల్లసొన గిలక్కొట్టాలంటే పచ్చసొన చుక్క కూడా పడకూడదు, దాని కొవ్వుకు నురగ లేవదు. ఒక్కో గుడ్డూ ముందు వేరే గిన్నెలో పగలగొట్టుకోండి.

అడిగినవారు:
సొన పక్కన తెల్లటి దారంలా ఉండేది పిల్లేనా?

జవాబు 2:
కాదు. సొనను నడిమధ్యన నిలబెట్టే తాడది, ప్రతి గుడ్డులోనూ ఉంటుంది. గుడ్డు తాజాగా ఉంటే బాగా కనబడుతుంది.