డిక్షనరీని ఎక్స్‌ఎంఎల్‌లో రాయాలంటే లిస్టుగా మార్చాల్సిందేనా?

నైట్‌షిఫ్ట్: మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద రాసింది. కస్టమర్ కోడ్ వారీగా డిస్కౌంట్ వివరాలు ఒక డిక్షనరీలో (కీ ఇస్తే దాని వాల్యూ ఇచ్చే పట్టికలో) పెట్టుకున్నాను. ఆబ్జెక్టుల్ని ఎక్స్‌ఎంఎల్‌గా, అంటే ట్యాగులతో ఉండే టెక్స్ట్ ఫైలుగా రాసి మళ్లీ చదివే ఎక్స్‌ఎంఎల్‌సీరియలైజర్‌కి ఇస్తే, ఐడిక్షనరీ (డిక్షనరీ రకం) కాబట్టి కుదరదని ఎక్సెప్షన్ (ఎర్రర్). కీ, వాల్యూలతో చిన్న క్లాసు రాసి లిస్టు చేసుకోమంటున్నాడు మా లీడ్. డాట్‌నెట్‌లోనే ఇంకో సీరియలైజర్ ఉందిగా, డేటాకాంట్రాక్ట్‌సీరియలైజర్, అది వాడితే పోదా?

సుజాత_సెమికోలన్: పోతుంది. డిక్షనరీగానే రాస్తుంది, డిక్షనరీగానే తిరిగిస్తుంది. 2006 నుంచీ ఉంది. ఇంకా లిస్టులు చేసుకుంటూ కూర్చోవడం దేనికి?

పాతకోడు: రాసిన ఫైలు ఎప్పుడైనా తెరిచి చూశారా? విలువలు డెసిమల్ అయితే ఒక్కో ఎంట్రీకి కీవాల్యూఆఫ్‌స్ట్రింగ్‌డెసిమల్ అని ట్యాగు! అదేం పేరండీ?

సుజాత_సెమికోలన్: క్లాసు మీద పెట్టే కలెక్షన్‌డేటాకాంట్రాక్ట్ ఆట్రిబ్యూట్‌లో ఐటమ్‌నేమ్, కీనేమ్, వాల్యూనేమ్ ఇస్తే ఆ పేర్లు మారతాయి. చదివి మాట్లాడండి.

చింతచిగురు: ఎక్స్‌ఎంఎల్ బదులు జేసన్ ఫార్మాట్ వాడండి, గొడవ వదిలిపోతుంది.

జావా_తమ్ముడు: జావాలో ఎక్స్‌ఎంఎల్ రాసే మా జాక్స్‌బీకి మ్యాప్ (జావాలో డిక్షనరీ) ఇస్తే ఎంట్రీ, కీ, వాల్యూ అని చక్కగా రాసేస్తుంది.

చింతచిగురు: దాన్ని జావా 11లో జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) నుంచే తీసేశారుగా 😀

పాతకోడు: పేర్లు వదిలెయ్, వరుస సంగతి చూడమ్మా. మా క్లయింటు దగ్గర అకౌంటెంటు ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి, డిస్కౌంట్ లైనును నేమ్ లైను కిందికి జరిపాడు. మనం ఆర్డర్ ఇవ్వకపోతే డేటాకాంట్రాక్ట్‌కి ఎలిమెంట్లు అక్షర క్రమంలోనే రావాలి. వరుస తప్పినదాన్ని కిక్కురుమనకుండా దాటేసింది. డిస్కౌంట్ సున్నా అయిపోయింది. ఆ నెల బిల్లులు తప్పు, తిట్లు నాకు.

సుజాత_సెమికోలన్: ముందు ఆ "అమ్మా" ఆపండి. ఫైల్లో చెయ్యి పెట్టినవాణ్ణి వదిలేసి సీరియలైజర్‌ని అంటారేంటి? మీ ఎక్స్‌ఎంఎల్‌సీరియలైజర్ నిర్వాకం వినండి. మా సెట్టింగ్స్ క్లాసు కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే కోడులో) లిస్టుకి మూడు డిఫాల్ట్ ప్రింటర్లు వేసి పెట్టాం. అది ముందు కన్‌స్ట్రక్టర్‌ని పిలుస్తుంది, ఆ లిస్టు ఖాళీ చేయదు, ఫైల్లోవి తెచ్చి దానికే కలుపుతుంది. తెరిచి సేవ్ చేసిన ప్రతిసారీ మూడేసి ప్రింటర్లు పెరిగాయి. రివ్యూలో అందరి ముందూ నన్ను నిలబెట్టి కడిగేశారు.

పాతకోడు: డిఫాల్టులు కన్‌స్ట్రక్టర్‌లో ఎవరు పెట్టమన్నారు?

సుజాత_సెమికోలన్: ఫైలు నోట్‌ప్యాడ్‌లో ఎవరు తెరవమన్నారు?

నైట్‌షిఫ్ట్: కొట్టుకోకండి. డిస్కౌంట్ల ఫైలు మా ప్రోగ్రామే రాసి, అదే చదువుకుంటుంది. అయితే అదే మాడ్యూల్ నుంచి వోచర్లు టాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఎక్స్‌ఎంఎల్‌గా పంపాలి.

పాతకోడు: అసలు సంగతి ఇప్పుడా చెప్పేది! టాలీ వోచర్‌లో ఆల్‌లెడ్జర్‌ఎంట్రీస్.లిస్ట్ అనే ట్యాగు వోచర్ కింద నేరుగా మళ్లీ మళ్లీ వస్తుంది, చుట్టూ ఇంకో ట్యాగు ఉండదు. లిస్టు ప్రాపర్టీ మీద ఎక్స్‌ఎంఎల్ఎలిమెంట్ ఆట్రిబ్యూట్ పెట్టి ఆ పేరిస్తే ఎక్స్‌ఎంఎల్‌సీరియలైజర్ అచ్చం అలాగే రాస్తుంది. డేటాకాంట్రాక్ట్ లిస్టు చుట్టూ ఒక ట్యాగు వేసి తీరుతుంది. ఫైలు ఎలా ఉండాలో చదివేవాడు చెప్తాడు, మన క్లాసు దానికి సర్దుకోవాలి. నేను మొత్తుకునేది అదే.

సుజాత_సెమికోలన్: టాలీకి పంపేదానికి నేనూ కాదనను. మేమే చదువుకునే ఫైలుకి కూడా బయటివాడి కొలతలు దేనికి? నా ఆబ్జెక్టు నేను పెట్టినట్టు నాకు తిరిగొస్తే చాలు. ట్యాగు అందం ఎవడిక్కావాలి?

పాతకోడు: ఇవాళ మీరే చదువుకుంటారు. రేపు ఆడిటర్ అడుగుతాడు.

సుజాత_సెమికోలన్: అడిగినప్పుడు వేరే రాసిస్తాను.

నైట్‌షిఫ్ట్: సరే, డిస్కౌంట్లకి డేటాకాంట్రాక్ట్, వోచర్లకి ఎక్స్‌ఎంఎల్‌సీరియలైజర్ పెట్టేస్తున్నా. ఒకే ప్రాజెక్టులో రెండెందుకని లీడ్ అడిగితే ఈ లింకే పంపిస్తా.