ఎలియట్‌ను విల్లాకు లోన్ మీద పంపడం సరైన పనేనా?

మహదేవపుర_రెడ్

2025 నవంబర్‌లో మన లివర్‌పూల్ గతి ఇదీ: మాంచెస్టర్ సిటీ చేతిలో 0-3. మన సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ చేతిలో 0-3. మొన్న రాత్రి ఒకటిన్నరకు అలారం పెట్టుకుని లేచి చూస్తే పీఎస్‌వీ చేతిలో 1-4. డిఫెన్స్‌ను తిట్టాలనుకున్నవాళ్లు తిట్టండి, అది వేరే చర్చ. నేను మాట్లాడాలనుకుంటున్నది ఈ జట్టులో లేని మనిషి గురించి.

సెప్టెంబర్ 1న, ఆటగాళ్ల బదిలీ విండో మూసే రోజు, మనవాళ్లు మిడ్‌ఫీల్డర్ హార్వీ ఎలియట్‌ను ఆస్టన్ విల్లాకు లోన్ మీద, అంటే ఒక సీజన్‌కు అద్దెకిచ్చినట్టు, పంపారు. షరతు ఏంటంటే, అతను విల్లాకు 10 మ్యాచ్‌లు ఆడితే వాళ్లు మూడున్నర కోట్ల పౌండ్లు పెట్టి కొనాల్సిందే, అంటే మన లెక్కలో 400 కోట్ల రూపాయల పైమాటే. మొదట్లో కొన్ని మ్యాచ్‌లు ఆడించారు. లీగ్ కప్‌లో బ్రెంట్‌ఫోర్డ్ మీద గోల్ కూడా కొట్టాడు. అక్టోబర్ నుంచి మనిషి కనిపించడం లేదు, చాలాసార్లు బెంచ్ మీద కూడా లేడు. ఇప్పటికి విల్లాకు ఆడినవి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మార్చిలో పారిస్‌లో పీఎస్‌జీ మీద సలా బదులు దిగి, తొలి టచ్‌తోనే మనల్ని గెలిపించిన కుర్రాడు ఇతను. జూన్‌లో ఇంగ్లాండ్ అండర్-21 యూరో గెలిస్తే టోర్నీలో ఉత్తమ ఆటగాడు అతనే. అలాంటివాడు ఇప్పుడు మనకూ లేడు, వాళ్లకూ లేడు. ఇది తప్పుడు నిర్ణయం అంటున్నా నేను. పంపడం గురించి కాదు, పంపిన పద్ధతి గురించి. మీరేమంటారు?

నెల్లూరు_కోప్

బ్రో, ఓడినప్పుడల్లా లేనివాడు గొప్పవాడైపోతాడు. పోయిన సీజన్ లీగ్ గెలిచిన ఏడాది, మన కోచ్ స్లాట్ అతన్ని లీగ్‌లో మొదటి నుంచి ఆడించింది 2 మ్యాచ్‌లు, అవీ టైటిల్ చేతికొచ్చాక. దానిపైన పది కోట్ల పౌండ్లు పెట్టి అతని స్థానంలోనే విర్ట్జ్‌ను తెచ్చాం. సొబొస్లాయ్ ఉన్నాడు, మెక్ అలిస్టర్ ఉన్నాడు, కర్టిస్ జోన్స్ ఉన్నాడు. ఇతను ఎక్కడ ఆడాలి?

ఇంకా ఏళ్లు వృథా చేసుకోలేనని అండర్-21 కప్ గెలిచాక అతనే చెప్పుకున్నాడు కదా. 22 ఏళ్లు, ముందు వరల్డ్ కప్ ఏడాది. వెళ్లాలన్నవాడిని కట్టేసి కూర్చోబెట్టాలా? విండో మూసిన ఆ రోజే ఇసాక్‌ను కొనడానికి పన్నెండున్నర కోట్ల పౌండ్లు కట్టాం, డబ్బు తిరిగి రావాలి. విల్లా యూరోపా లీగ్ ఆడే జట్టు, కోచ్ ఎమెరీ. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి లోన్ దొరకదు. ఎమెరీ ఆడించకపోతే మన క్లబ్ ఏం చేస్తుంది?

మహదేవపుర_రెడ్

ఏం చేస్తుందంటే, ఆడించకపోతే లాభం వచ్చేలా కాగితం రాయకుండా ఉంటుంది. నా కోపమంతా దాని మీదే.

ఇక్కడ బెంగళూరు ఐటీలో పనిచేసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కాంట్రాక్టు మీద తీసుకున్న మనిషిని ఫలానా గడువు దాటితే పర్మనెంట్ చేయాలని రూలుంటే, పని ఎంత బాగా చేసినా గడువుకు ముందే ప్రాజెక్టు నుంచి తప్పించడం మనం కళ్లారా చూశాం. ఎలియట్‌కు జరుగుతున్నది అదే. పదో మ్యాచ్ విల్లాకు మూడున్నర కోట్ల పౌండ్ల మ్యాచ్. అతన్ని కొనకూడదని వాళ్లు ఒక్కసారి అనుకున్నారంటే ఆరో మ్యాచ్, ఏడో మ్యాచ్ కూడా ఆడించరు, ఎందుకంటే ఆ తర్వాత గాయాలు వచ్చి అవసరం పడితే చేతులు కట్టేసినట్టు అవుతుంది. మాములుగా ఆటగాడు బాగా ఆడితే ఇంకా ఆడిస్తారు. ఈ షరతులో బాగా ఆడటం కూడా అతనికి కలిసిరాదు.

లెక్కల_పిచ్చి

నేను సీఏ, కోరమంగలలో ప్రాక్టీసు, కాబట్టి డబ్బు వైపు నుంచి చెబుతాను. ఈ షరతు ఎవరో తెలివితక్కువగా రాసింది కాదు.

2019లో ఫుల్హామ్ నుంచి వచ్చినప్పుడు ఎలియట్‌కు 16 ఏళ్లు, ధర తేలక ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2021లో వాళ్లు తేల్చింది అన్నీ కలిపితే 43 లక్షల పౌండ్ల దాకా. అంటే లివర్‌పూల్ పుస్తకాల్లో అతని విలువ ఇప్పుడు దాదాపు లేనట్టే. మూడున్నర కోట్లకు అమ్మితే, తిరిగి అమ్మినప్పుడు ఫుల్హామ్‌కు దక్కే వాటా పోగా, మిగిలిందంతా ఆ ఏడాది లాభం కింద కనిపిస్తుంది. ప్రీమియర్ లీగ్ నష్టాల పరిమితి నిబంధనల్లో అలాంటి లాభం విలువ ఎంతో ఈ మూడేళ్లుగా అందరూ చూస్తున్నారు.

అటు విల్లాకు యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య 2025 జులైలోనే ఆర్థిక నిబంధనల విషయంలో జరిమానా వేసింది. నేరుగా కొంటే ఖర్చు వెంటనే మొదలవుతుంది. లోన్ పేరుతో తీసుకుని తర్వాత కొంటే భారం వచ్చే ఏడాదికి జరుగుతుంది. ఇద్దరికీ కలిసొచ్చే ఏర్పాటే ఇది. విండో ఇంకొన్ని గంటల్లో మూసేస్తుందంటే నేరుగా కొనే పార్టీ కోసం చూస్తూ కూర్చుంటే చేతిలో ఏమీ మిగలదు.

మహదేవపుర_రెడ్

అన్నా, మీ లెక్క తప్పనను. కానీ అదే వేసవిలో క్వాన్సాను లెవర్‌కూసెన్‌కు నేరుగా అమ్మాం కదా, జులైలోనే. టైలర్ మోర్టన్‌ను ఆగస్టులో లియోన్‌కు అమ్మాం. వాళ్లిద్దరూ ఎలియట్‌తో పాటు అండర్-21 కప్పు గెలిచినవాళ్లే. ఎలియట్ విషయం మాత్రం చివరి రోజు దాకా ఎందుకు లాగారు? ఆ రోజు తొందరలో పడ్డామంటే అది మనం తెచ్చుకున్న తొందరే.

హెచ్‌ఎస్‌ఆర్_టర్ఫ్

ఆట వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతా. శనాదివారాల్లో ఇక్కడ టర్ఫ్‌లో పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు కోచింగ్ ఇస్తాను, వాళ్లలో సగం మంది తెలుగు పిల్లలే.

లోన్ మంచిదా చెడ్డదా అని గుడ్డిగా అడిగితే జవాబు రాదు. 2020-21లో ఇదే ఎలియట్ బ్లాక్‌బర్న్‌కు లోన్ మీద వెళ్లాడు, పదిహేడేళ్ల వయసులో. 41 లీగ్ మ్యాచ్‌లు, 7 గోల్స్, 11 అసిస్టులు. వారానికి రెండు మ్యాచ్‌లు, పెద్ద మగాళ్లతో ఢీకొట్టుకుంటూ, వాన, బురద, సీజన్ మొత్తం. అది లోన్ అంటే. తిరిగొచ్చాక 2021 సెప్టెంబర్‌లో లీడ్స్ మ్యాచ్‌లో చీలమండ విరిగింది, అయినా ఐదు నెలల్లో వెనక్కి వచ్చి కార్డిఫ్ మీద గోల్ కొట్టాడు. ఆ పిల్లాడి గుండె గట్టితనంలో బ్లాక్‌బర్న్ ఏడాది పాత్ర చాలా ఉందని నేను నమ్ముతాను.

ఇప్పుడు విల్లాను చూడండి. పదో నంబర్ స్థానంలో, అంటే స్ట్రైకర్ వెనక, మోర్గాన్ రోజర్స్, వాళ్ల జట్టులో అందరికంటే ముందు రాసే పేరు. పక్కన మెగిన్, బ్వెండియా. మన దగ్గర ఉన్న రద్దీయే అక్కడా ఉంది. పైగా ఎమెరీ ఆటలో ప్రతివాడూ ఎక్కడ నిలబడాలో అంగుళాల్లో నేర్పుతాడు, సీజన్ ముందు శిక్షణ లేకుండా సెప్టెంబర్‌లో వచ్చినవాడికి అది పట్టుబడటానికి నెలలు పడుతుంది. విల్లాలో ఫుట్‌బాల్ వ్యవహారాలు చూసే, అతన్ని తీసుకొచ్చిన మోంచి సెప్టెంబర్‌లోనే క్లబ్ వదిలేశాడు. తెచ్చినవాడు లేడు, ఆడించేవాడికి అవసరం లేదు. లోన్‌కు పంపేముందు క్లబ్ అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే, అక్కడి కోచ్ ఇతన్ని ఎక్కడ ఆడిస్తాడు అని. ఆ ప్రశ్నకు ఆ రోజు ఎవరి దగ్గరా గట్టి జవాబు ఉన్నట్టు నాకు అనిపించడం లేదు.

నీలి_సింహం

చెల్సీ ఫ్యాన్‌ని, లోన్ల గురించి మాట్లాడే హక్కు మాకే ఎక్కువ. ఒకప్పుడు మావాళ్లు నలభై మంది దాకా బయట ఉండేవాళ్లు. డి బ్రూయినా 2012-13లో వెర్డర్ బ్రెమెన్‌కు వెళ్లి అద్భుతంగా ఆడాడు, తిరిగొస్తే కోచ్ మూరినో బెంచ్ మీద కూర్చోబెట్టాడు, 2014 జనవరిలో వోల్ఫ్స్‌బర్గ్‌కు అమ్మేశారు, ఏడాదిన్నర తర్వాత సిటీకి వెళ్లాడు, తర్వాతి సంగతి మీకు తెలుసు. మరోవైపు మౌంట్, విటెస్‌లో ఒక ఏడాది, డెర్బీలో ఒక ఏడాది, తిరిగొచ్చి 2021లో ఛాంపియన్స్ లీగ్ ఎత్తాడు. లోన్ ఒకటే, తిరిగొచ్చినప్పుడు తలుపు తీశారా లేదా అన్నదే తేడా. ఎలియట్‌కు మీరు ముందే తలుపు మూసేసి పంపారు, దాన్ని లోన్ అనడమే నాకు నచ్చదు.

నెల్లూరు_కోప్

ఆర్సెనల్ వాళ్లను అడగండి మరి. ఓడెగార్డ్‌ను రియల్ మాడ్రిడ్ మూడు చోట్లకు తిప్పింది, హీరెన్‌వీన్, విటెస్, సోసియెడాడ్. 2021 జనవరిలో ఆర్సెనల్‌కు నాలుగో లోన్, ఆ వేసవిలోనే కొనేశారు, ఇప్పుడు కెప్టెన్. బయటికి పంపడం వల్ల ఆటగాడికి మంచి జరిగిందా లేదా? రియల్ నష్టపోయి ఉండొచ్చు, ఓడెగార్డ్ నష్టపోలేదు. ఎలియట్‌కు కూడా సమయం ఇవ్వండి. సీజన్ ఇంకా సగం కూడా కాలేదు.

హెచ్‌ఎస్‌ఆర్_టర్ఫ్

ఓడెగార్డ్ ప్రతి చోటా ఆడాడు తమ్ముడూ. ఆడాడు కాబట్టే ఎదిగాడు. ఆడకుండా ట్రైనింగ్‌లో పరిగెత్తితే మ్యాచ్ వేగం రాదు, ఇరవైరెండేళ్ల వయసులో పోయిన ఏడాది మళ్లీ రాదు.

వెస్ట్‌బ్లాక్_అనంతపురం

మన దేశం సంగతి కూడా ఒక మాట. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఎప్పుడు మొదలవుతుందో తెలియని ఈ 2025-26 సీజన్‌లో బెంగళూరు కాంటీరవ స్టేడియం వైపు వెళ్లే పనే లేకపోయింది, అందుకే ఇక్కడ కూర్చుని మీ గొడవ చదువుతున్నా.

ఐఎస్‌ఎల్, ఐ-లీగ్ రెండూ వేర్వేరు నెలల్లో జరిగిన రోజుల్లో లోన్లు మామూలు విషయం. 2015 వేలంలో ముంబై సిటీ మన ఛెత్రిని 1.2 కోట్లకు తీసుకుంది, బెంగళూరు ఎఫ్‌సీ నుంచి లోన్ మీద. వెళ్లి హ్యాట్రిక్ కొట్టాడు, ఐఎస్‌ఎల్‌లో భారతీయుడి తొలి హ్యాట్రిక్ అది, తిరిగొచ్చి ఆ సీజన్ మనకు ఐ-లీగ్ గెలిపించాడు. చెన్నయిన్ అనిరుధ్ థాపాను 2017లో మినర్వా పంజాబ్‌కు పంపింది, అప్పుడు చాలా చిన్నవాడు, తర్వాత అదే చెన్నయిన్‌కు కెప్టెన్ అయ్యాడు. ఈ లోన్లన్నిటిలో ఒకటే లక్షణం, ఖాళీగా కూర్చోకుండా ఎక్కడో ఒకచోట ఆడాలి. మ్యాచ్‌లు లేక మనవాళ్లు ఈ ఏడాది ఎంత నష్టపోతున్నారో చూస్తున్నాం కాబట్టి చెబుతున్నా, ఆట లేకుండా కూర్చోబెట్టడం కంటే పెద్ద శిక్ష ఆటగాడికి ఇంకోటి లేదు.

లెక్కల_పిచ్చి

ఒక సాంకేతిక విషయం కూడా తెలుసుకోవాలి. ఫిఫా నిబంధన ప్రకారం ఒక సీజన్‌లో ఆటగాడు మూడు క్లబ్బుల్లో నమోదు కావచ్చు కానీ అధికారిక మ్యాచ్‌లు రెండింటికే ఆడగలడు. ఎలియట్ ఆగస్టులో లివర్‌పూల్‌కు ఆడాడు, తర్వాత విల్లాకు ఆడాడు. కాబట్టి జనవరిలో విల్లా వద్దన్నా యూరప్‌లో మరో క్లబ్బుకు పంపే దారి లేదు. ఉంటే అక్కడ ఉండాలి, లేదా మన దగ్గరికి రావాలి.

మహదేవపుర_రెడ్

ఈ ఒక్క విషయం చాలు నా వాదనకు. ఆగస్టులో అతన్ని దింపేటప్పుడే, వారంలో పంపేసే ఆలోచన ఉందని క్లబ్బుకు తెలుసు. ఆ కొన్ని నిమిషాల కోసం అతనికి ఉన్న మరో దారి మూసేశారు.

ఇంకో మాట. అక్టోబర్ 29న లీగ్ కప్‌లో క్రిస్టల్ ప్యాలెస్ మీద పది మార్పులు చేసి, టీనేజ్ పిల్లలతో దిగి ఆన్‌ఫీల్డ్‌లో 0-3తో ఓడిపోయాం. జట్టులో అనుభవమున్న మనుషులు తక్కువ అన్నారు. ఆ రోజు ఎలియట్ ఉండి ఉంటే 90 నిమిషాలు ఆడేవాడు. 2023-24లో అప్పటి కోచ్ క్లోప్ కింద 53 మ్యాచ్‌లు ఆడినవాడు, వింగ్‌లోనూ మధ్యలోనూ ఎక్కడ వేసినా ఆడేవాడు. మూడు రోజుల తర్వాత విల్లా ఆన్‌ఫీల్డ్‌కే వచ్చింది, సొంత క్లబ్ మీద ఆడకూడదన్న లోన్ నిబంధన వల్ల ఆ మ్యాచ్‌లోనూ అతను దిగే వీల్లేదు.

నెల్లూరు_కోప్

అతను ఉన్నా సిటీ మీద గెలిచేవాళ్లం కాదు బ్రో. సలా ఫామ్ పోయింది, ట్రెంట్, డియాజ్ వేరే క్లబ్బులకు వెళ్లిపోయారు, కొత్తవాళ్లు కుదురుకోలేదు. వీటన్నిటికీ ఎలియట్‌ను మందుగా చూపించొద్దు.

మహదేవపుర_రెడ్

మందు అనలేదు. ఒక కుర్రాడి ఏడాది గురించి మాట్లాడుతున్నా, ఆ ఏడాది మన క్లబ్ రాసిన సంతకంతో పోతోంది. నన్నడిగితే జనవరిలో మన స్పోర్టింగ్ డైరెక్టర్ రిచర్డ్ హ్యూస్ విల్లాతో కూర్చుని ఆ పది మ్యాచ్‌ల షరతు తీసేయాలి. డబ్బు కొంత తగ్గినా ఫర్వాలేదు, లోన్ ఫీజును తిప్పి రాయొచ్చు, ఆడిన కొద్దీ ఫీజు తగ్గేలా, కూర్చోబెట్టిన కొద్దీ పెరిగేలా. ఇంగ్లాండ్‌లో కుర్రాళ్ల లోన్లలో ఇది కొత్తేం కాదు. విల్లా దానికి ఒప్పుకోకపోతే వెనక్కి పిలవాలి, స్లాట్ ఇష్టపడినా పడకపోయినా.

లెక్కల_పిచ్చి

వెనక్కి పిలిస్తే ఆ మూడున్నర కోట్లు పోతాయి, వేసవిలో అంత ఇచ్చేవాడు దొరకడు. బోర్డు ఒప్పుకోదు.

హెచ్‌ఎస్‌ఆర్_టర్ఫ్

ఆడనివాడికి వేసవిలో అంత ఎవరిస్తారు సార్? కూర్చున్న ప్రతి వారం ఆ ధర తగ్గుతూనే ఉంటుంది. ఆడిస్తేనే మీ డబ్బు కూడా మిగిలేది.