నైష్టోటా, నైష్టాటా?

అరసున్న: గాంధీగారి స్నేహితుడు కాలెన్‌బాక్ 1871లో పుట్టిన ఊరిని మా తాతగారు నోటుబుక్కులో ‘నైష్‌■ట్ తావ్రిగ్’ అని రాసుకున్నారు. ■ ఉన్నచోట సిరా ఒలికింది. అది టానా, టోనా? మ్యాపులో ఆ పేరే దొరకడం లేదు.

పాతపుస్తకం: దొరకదండీ. లిథువేనియా మ్యాపులో ‘జెమైచ్యు నౌమియెస్తిస్’ అని వెతకండి. తాతగారు రాసింది అక్కడి యూదులు తమ యిద్దిష్ భాషలో పిలిచే పేరు. రెండిటికీ అర్థం కొత్తూరే. యిద్దిష్‌లో ష్టోట్, జర్మన్‌లో ష్టాట్. కాబట్టి టో.

మాయాబజారు: గురువుగారూ, గొడవ ‘ష’ దగ్గర. లిథువేనియా యూదులకు ష, స కలిసిపోయేవి. ‘షబెస్‌దికెర్ లోష్న్’ (సబ్బాతు భాష) అనే మాటను ‘సాబెస్‌దికెర్ లోస్న్’ అని పలికి మిగతావాళ్ళు వెక్కిరించేవారు. మా మేనత్త శంకరాన్ని ‘సెంకరం’ అన్నట్టు! నా ఓటు నైస్టోట్‌కి.

పాతపుస్తకం: నోరు జారినా రాతలో ‘ష’ పలికే ‘షిన్’ అక్షరమే ఉంటుంది, యిద్దిష్ రాసేది హీబ్రూ లిపిలో. ఓ పలకాలంటే ‘అలెఫ్’ అనే అక్షరం కింద చిన్న గుర్తు పెట్టాలి. అది ఎగిరిపోతే ‘టా’ అని చదివేస్తారు. కొంప ముంచేది ఆ గుర్తే.

నన్నయభట్టు: నౌమియెస్తిస్‌లోని లిథువేనియన్ ‘నౌయస్’ (కొత్త) మన ‘నవ్య’కు సొంత చుట్టం, ఎవరూ చెప్పలేదేం?

మాయాబజారు: ‘మియెస్తస్’ (పట్టణం) మాత్రం స్లావ్ భాషల నుంచి తెచ్చుకున్న అప్పు, భట్టుగారూ.

కొత్తపేట: తావ్రిగ్ ఎందుకు తగిలించారో చూడండి. నైష్టోట్‌లు రెండు. టౌరగె పట్టణం పక్కది నైష్టోట్ తావ్రిగ్, షాకియై పట్టణం పక్కది నైష్టోట్ షాకి. రెండోది ఇప్పుడు కుదిర్కోస్ నౌమియెస్తిస్. లిథువేనియా జాతీయగీతం రాసిన విన్‌త్సాస్ కుదిర్కా 1899లో కన్నుమూసింది అక్కడే. ఆయన వృత్తి వైద్యం, నడిపింది పత్రిక, క్షయతో పోయాడు. నాకెంతో ఇష్టమైన మనిషి.

అరసున్న: బాగుంది, నా అక్షరం సంగతి?

కొత్తపేట: కాలెన్‌బాక్ ఊరికి వెళ్ళి అడుగుదామన్నా ఆ పేరు పలికేవాళ్ళు లేరు. అక్కడి యూదుల్లో చాలామందిని 1941లో నాజీలూ, వాళ్ళకు తోడైన స్థానికులూ చంపేశారు.

నన్నయభట్టు: దక్షిణాఫ్రికాలో గాంధీగారు, కాలెన్‌బాక్ కలిసి నడిపిన టాల్‌స్టాయ్ ఫారంలో ఆంధ్రులు కూడా ఉండేవారని గాంధీగారే రాశారు. కాలెన్‌బాక్ ఊరి పేరు వాళ్ళు ఎలా పలికేవారో!

మాయాబజారు: ‘నైస్టోటు’ అనే, చివర ఉకారంతో.

అరసున్న: భూతద్దం పెట్టి చూశాను. ష కింద ఒత్తేదో ఉంది. అది ట ఒత్తో, త ఒత్తో తెలియడం లేదు.